బొంతలో చుట్టిన వెనక అద్దం

ఫాయిజా మెట్లెక్కి వచ్చినప్పుడు ఆమె చేతుల్లో ఒక బొంత మూట ఉంది. చంటిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. బల్ల మీద దించగానే లోపల ఏదో గలగలమంది. ఆ చప్పుడుకు ఆమే ఉలిక్కిపడింది.

"అక్కా, మా ఆయన్ని దొంగన్నారు. రోడ్డు మీద, అందరి ముందరా. రేపు సాయంత్రానికల్లా షెడ్డు ఖాళీ చెయ్యాలంట. లేకపోతే మిగతా సామాన్లు కూడా వాళ్ళే బయటేస్తారంట," అంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

నరసరావుపేటలో మందుల షాపు పైన ఉన్న ఆ చిన్న గది లక్ష్మీకాంతం ఆఫీసు. బోర్డు మీద 'ప్రైవేటు పరిశోధనలు' అని ఉంటుంది. అంతకుముందు ఆమె గుద్దుకున్న కార్లనూ, బోల్తా పడ్డ లారీలనూ చూసి ఇన్సూరెన్సు వాళ్ళకు రిపోర్టులు రాసేది. చూసింది చూసినట్టు రాస్తే పైవాళ్ళకు నచ్చలేదు, వాళ్ళు చెప్పినట్టు రాయడం ఈమెకు చేతకాలేదు. ఆ ఉద్యోగం వదిలేసి ఈ బోర్డు పెట్టుకుంది. లక్ష్మీకాంతానికి కోపం ఎక్కువని ఊళ్ళో అంటారు. ఆ కోపం ఎవరి మీద వస్తుందో చూసినవాళ్ళు మాత్రం ఆ మాట అనరని ఆమె అసిస్టెంటు వేణుమాధవ్ వాదిస్తాడు. బీకాం చదివి, బ్యాంకు పరీక్షలు మానేసి ఆమె దగ్గర చేరినవాడు అంతకన్నా తక్కువ ఎట్లా అంటాడు?

"వేణూ, మంచినీళ్ళు ఇవ్వు. అమ్మాయ్, కూర్చుని మొదటినుంచి చెప్పు," అంది లక్ష్మీకాంతం.

ఫాయిజా భర్త ఇర్ఫాన్ పల్నాడు రోడ్డులో పాత కార్లు బాగుచేస్తాడు. ఆమె అదే షెడ్డులో ఒక మూల మిషను వేసుకుని సీటు కవర్లు కుడుతుంది. షెడ్డు ఉన్న స్థలం వెంకట్రామయ్యది. గురజాల వైపు పల్లెలో పెద్ద రైతు, ఒకప్పుడు సర్పంచి, ఇప్పుడు పేటలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. ఆయన తన తండ్రి నాటి ఫియట్ కారును మళ్ళీ రోడ్డెక్కించమని ఇర్ఫాన్‌కి అప్పగించాడు. తుప్పు కొయ్యాలన్నా, రంగు వెయ్యాలన్నా ముందు అద్దాలన్నీ ఊడదీయాలి. ఇర్ఫాన్ ఊడదీసి, ఒక్కొక్కదాన్నీ ఫాయిజా కుట్టిన బొంతలో చుట్టి వెనక గదిలో పెట్టి తాళం వేశాడు.

"మిగతా అద్దాలు ఎక్కడన్నా దొరుకుతయ్ అక్కా. వెనకది దొరకదు. వంపు తిరిగినది. దానికోసం మా ఆయన ముందే అందరికీ చెప్పిపెట్టాడు, ఇది పోతే కారు మూల పెట్టుకోవాల్సిందేనని. మా అక్క నిఖత్ ఇంట్లో పెళ్ళని చిలకలూరిపేట పోయాం. వచ్చిన మర్నాడు, అంటే నిన్న, స్థలం పెద్దయ్య గారూ ఆయన కొడుకు ప్రవీణ్ బాబూ వచ్చారు, అద్దాలు బిగించే రోజు గదా అని. వాళ్ళ ముందరే ఈయన తాళం తీశాడు. వాళ్ళ ముందరే బొంత విప్పాడు. విప్పగానే..."

ఆమె బల్ల మీది మూట వైపు చూసింది.

"నీ తాళం, నీ బొంత, నీ చెయ్యి. పగలగొట్టి నాటకమాడతన్నావా అన్నాడు ప్రవీణ్ బాబు. మంచిది అమ్ముకుని చెత్త గాజు పోసి పెట్టావని గూడా అన్నాడు. పెద్దయ్య గారు ఒక్క మాటే అన్నారు, దొంగా అని. ఎదురుగా టీ కొట్టు కాడ జనం అంతా చూస్తానే ఉన్నారు. అందులో సగం మంది బండ్లు మా ఆయన బాగుచేసినవే అక్కా. ఒక్కడు నోరు తెరిచి, ఇర్ఫాన్ అట్టాంటోడు కాదని అన్లేదు."

లక్ష్మీకాంతం ముఖం ఎర్రబడింది. బొంత విప్పింది.

లోపల గాజు ముక్కలు కల్లుప్పులా ఉన్నాయి. లేత ఆకుపచ్చ ఛాయ. పెద్ద పెంకు ఒక్కటీ లేదు. ఆమె ఒక చేట తెప్పించి ముక్కలన్నీ అందులోకి వంపింది. చేట నిండలేదు. తర్వాత ఖాళీ బొంతను తిరగేసి, లోపలి వైపు అరచేత్తో పైనుంచి కిందికి నిమిరింది. వేణుమాధవ్ ఆపబోయాడు, చెయ్యి తెగుతుందని. తెగలేదు.

"మీ ఆయన బొంతకు ఏ ముడి వేస్తాడు?"

"జారుముడి. నాడా లాగితే ఊడొచ్చేది. అద్దాన్ని కుదపకూడదని."

"నిన్న కూడా లాగితే ఊడొచ్చిందా?"

ఫాయిజా ఆలోచించింది. "లేదక్కా. పీటముడి పడి ఉంది. పళ్ళతో లాగాడు. నిన్న ఆ గోలలో నాకు తట్టలేదు."

లక్ష్మీకాంతం లేచి చెప్పులు వేసుకుంది.

షెడ్డు ముందు ఇర్ఫాన్ సామాన్లు సగం రోడ్డు మీదే పడి ఉన్నాయి. నిన్న ప్రవీణ్ మనుషులు పారేసినవి అట్లాగే ఉన్నాయి. వాటిని లోపల పెట్టుకునే ధైర్యం కూడా అతనికి మిగల్లేదు. నలభై దాటిన మనిషి, ఎవరో తిట్టబోతున్నట్టు తల వంచుకునే మాట్లాడాడు. ఎన్నో ఏళ్ళుగా ఊళ్ళో బండ్లు బాగుచేస్తున్న మనిషిని అట్లా చెయ్యడానికి ఒక్క పూట చాలింది.

వెనక గది శుభ్రంగా ఉంది. ఇనుప సామాను ఒక్కటి కూడా లేదు. నేలకు ఎత్తుగా చెక్క స్టాండు, దానికి అరలు, అరల అడుగున పాత సైకిలు ట్యూబు కోసి మేకులు కొట్టిన పట్టీలు. ఒక్కో అరలో ఒక్కో అద్దం, బొంతలో, నిలువుగా. ఒకదానికొకటి తగలకుండా. ఒక అర మాత్రం ఖాళీ.

"పేపర్లో ఎందుకు చుట్టలేదు?" అని అడిగాడు వేణుమాధవ్.

"చెమ్మకు పేపరు గాజుకి అంటుకుంటది సార్. మరక పోదు. పడుకోబెడితే బరువుకి వంపు కాడ ఒత్తిడి పడుద్ది. నిలబెట్టాల్సిందే, కానీ అంచు కింద మెత్తగా ఉండాల," అన్నాడు ఇర్ఫాన్.

"ఈ గది తాళంచెవి నీ దగ్గర కాక ఇంకెవరి దగ్గర ఉంది?"

"పెద్దయ్య గారి ఇంట్లో ఒకటి ఉంటదమ్మా. స్థలం వాళ్ళది గదా. మా నాయనకు మాటిచ్చి షెడ్డు ఇచ్చినప్పటి నుంచీ అంతే."

"ఇంకో సంగతి. ఈ అద్దం కొంటానని ఎవరన్నా అడిగారా?"

"స్పేర్ పార్ట్స్ బాలకోటయ్య గారు అడిగాడమ్మా. హైదరాబాదులో ఎవరో పాత కార్ల పిచ్చోడు ఉన్నాడంట. పెద్దయ్య గారి సొమ్ము, నేనెట్టా ఇస్తానని చెప్పినా. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పినా."

వేణుమాధవ్ కళ్ళు మెరిశాయి. బయటికి రాగానే, "మేడం, దొరికాడు," అన్నాడు.

"ఎవరు?"

"బాలకోటయ్య. అద్దం కాజేసి, వేరే కారు గాజు పోసి పెట్టాడు."

"తాళం పగలకుండా ఎట్లా వెళ్ళాడు?"

వేణుమాధవ్ షెడ్డు వైపు తిరిగి చూశాడు. ఆమె అప్పటికే బాలకోటయ్య షాపు వైపు నడుస్తోంది.

బాలకోటయ్య తన షాపులో కుర్చీ వేసి కూర్చోబెట్టి సోడా తెప్పించాడు. అద్దం అడిగిన మాట దాచలేదు. "వ్యాపారస్థుణ్ణమ్మా, అడుగుతాను. ఇవ్వనంటే నవ్వుతాను. దానికి దొంగతనం ఎందుకు?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నేను చెప్పినట్టు చెప్పకండి. ఆ స్థలంలో ప్రవీణ్ గారు బండల షోరూం కడతానని ఊరంతా చెప్పుకుంటున్నాడు. పక్కన నన్ను కూడా ఒక షాపు తీసుకోమన్నాడు. షెడ్డు ఉంది గదండీ అంటే, ఉండదులే అన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"ఇర్ఫాన్ పెళ్ళికి పోక ముందే."

లక్ష్మీకాంతం సోడా తాగడం పూర్తిచేసి, లేవబోతూ, ఏమీ కానట్టు అడిగింది. "బాలకోటయ్య గారూ, ఆ వెనక అద్దం మీ చేతికిస్తే ఎక్కడ పెట్టేవారు?"

"ఇదేం ప్రశ్నమ్మా? అట్టపెట్టెలో ఎండుగడ్డి వేసి, పై అరలో పడుకోబెట్టేవాణ్ణి. మాకు సరుకు అట్లాగే వస్తుంది."

వెంకట్రామయ్య ఇంట్లో ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు. తెల్లటి పంచె, భుజం మీద కండువా. ప్రైవేటు డిటెక్టివు, అందులోనూ ఆడమనిషి తన ఇంటికి రావడం ఆయనకు నచ్చలేదు.

"ఇందులో పరిశోధించేదేముందమ్మా? ఆ కారులోనే మా నాయన్ని ఆఖరిసారి గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయినా. దాన్ని నాకు మళ్ళీ నడిపిస్తానన్నాడు. వాడి చేతిలోనే పగిలింది. అయిపోయింది."

"వాడి చేతిలో పగలడం మీరు చూశారా?"

"పగిలింది చూసినా గదా."

"మీరు షెడ్డు ఇర్ఫాన్ తండ్రికి ఇచ్చేటప్పుడు ఏదో మాట ఇచ్చారంట?"

"ఇచ్చినా. వాళ్ళ పనిలో మోసం కనపడనంత కాలం ఆ స్థలం వాళ్ళదే అన్నా. అందరూ పెరికెయ్యమన్నా నేను మాట తప్పలేదు. ఇప్పుడు తప్పింది నేను కాదు."

"ఎవరు పెరికెయ్యమన్నారు?"

ఆయన ఇంటి లోపలి వైపు చూశాడు. అప్పుడే లోపలినుంచి ప్రవీణ్ వచ్చి తండ్రి కుర్చీ పక్కన నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. దాచేపల్లి దాటాక బండల పాలిష్ యూనిట్ నడుపుతాడు.

"తాళంచెవి ఎక్కడుంటుందండీ?" అంది లక్ష్మీకాంతం.

"ఆ గోడ మేకుకు. ఎవరూ ముట్టుకోరు," అన్నాడు వెంకట్రామయ్య.

"మీ ఇద్దర్నీ ఒకటి అడుగుతాను. ఆ అద్దం మీ చేతికిస్తే ఎక్కడ పెట్టేవారు?"

పెద్దాయన విసుక్కున్నాడు. "పత్తి మండెలో, ఆ కుప్ప నడుమ పెట్టేవాణ్ణి. దానికన్నా మెత్తటిదేముంది?"

ప్రవీణ్ నవ్వాడు. "నాన్నకేం తెలుసండీ. పడుకోబెట్టకూడదు, మధ్యలో విరుగుద్ది. గోడకు ఏటవాలుగా నిలబెట్టాల. మేం రోజూ ఎన్ని బండలు నిలబెడతాం, ఒక్కటి పగిలిందా? ఆ ఇర్ఫాన్‌కి చెక్కలూ బొంతలూ అని హడావిడి ఎక్కువ, చేత తక్కువ."

"మంచిది," అంది లక్ష్మీకాంతం. ఆ 'మంచిది' విన్న వేణుమాధవ్ ఆమె ముఖం వైపు చూశాడు. ఆమెకు మరీ కోపం వచ్చినప్పుడు వచ్చే మాట అది.

ఆఫీసుకు వచ్చాక ఆమె చేటలోని ముక్కలు కొన్ని కాగితం మీద పోసింది. అక్కడక్కడా ముక్కలకు బూడిదరంగు పొర అంటుకుని ఉంది.

"లప్పం మేడం. కారుకు పూసేది. ఇర్ఫాన్ షెడ్డులో డబ్బాలు డబ్బాలు ఉంది," అన్నాడు వేణుమాధవ్. అంటూనే బాధపడ్డాడు, అది ఇర్ఫాన్ మీదికే వస్తుందని.

లక్ష్మీకాంతం ఒక గ్లాసులో నీళ్ళు పోసి ముక్కలు అందులో వేసింది. కాసేపటికి నీళ్ళు తెల్లగా, చిక్కగా మారిపోయాయి. ముక్కలు శుభ్రంగా బయటపడ్డాయి.

"కారుకు పూసి ఆరిన లప్పం నీళ్ళలో కరుగుతుందా?"

"కరగదు. వానలో కారు తిరగాలి కదా."

"మరి ఇదేంటి?"

వేణుమాధవ్ వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. మెత్తటి బురద. అంతకు మించి అతనికి తెలియలేదు. ఆమె చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే దాచేపల్లి బస్సెక్కించింది.

బండల యూనిట్లో ప్రవీణ్ లేడు. ఇల్లు కట్టుకుంటున్నామని, ఫ్లోరింగుకు బండలు చూడాలని చెప్పగానే పనివాళ్ళు లోపలికి పంపారు. కోత మిషన్ల హోరు. కాళ్ళ కింద నేల సన్నగా వణుకుతూనే ఉంది. మిషన్ల కిందినుంచి బూడిదరంగు నీళ్ళు కాలవలో పారుతున్నాయి, ఆరిన చోట తెల్లటి పొర కట్టి ఉంది. గోడల పొడుగునా నాపబండలు వరసలు వరసలుగా, ఏటవాలుగా నిలబెట్టి ఉన్నాయి. కింద చెక్క లేదు, గోనె లేదు. బండ అంచు బండ నేల మీదే.

లక్ష్మీకాంతం రేకుల కప్పు కింద విడిగా ఉన్న ఒక వరస దగ్గర ఆగింది. అక్కడి నేలను ఈమధ్యనే ఎవరో శ్రద్ధగా చిమ్మినట్టుంది. మిగతా యార్డును ఎవరూ అంత శుభ్రంగా చిమ్మలేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, రెండు బండల అంచుల మధ్య సందులో చీపురుపుల్లతో గీకింది. ఏదో మెరిసింది. దాన్ని జేబురుమాల్లో కట్టుకుంది.

"వేణూ, ఫోన్లు చెయ్యి. మధ్యాహ్నం మూడింటికి అందరూ ఇర్ఫాన్ షెడ్డుకు రావాలి. వెంకట్రామయ్య గారు రానంటే, మీ అద్దం సంగతి తేలిందని చెప్పు. వస్తాడు."

వచ్చాడు. కొడుకునూ వెంట తెచ్చాడు. బాలకోటయ్య షాపు మూసుకుని వచ్చాడు. షెడ్డు మధ్యలో ఫియట్ కారు అద్దాలు లేకుండా, కొత్త రంగుతో నిలబడి ఉంది. ఇర్ఫాన్, ఫాయిజా మిషను పక్కన గోడకు ఆనుకుని ఉన్నారు. వేణుమాధవ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. బయట టీ కొట్టు దగ్గర జనం తలలు తిప్పి చూస్తున్నారు.

లక్ష్మీకాంతం బొంతను కారు బానెట్ మీద పరిచింది.

"వెంకట్రామయ్య గారూ, మీరు ఎన్నో పంచాయితీలు తీర్చిన మనిషి. మొన్న ఒక మనిషిని దొంగ అనేముందు ఈ బొంత లోపల చెయ్యి పెట్టి చూశారా?"

"ఎందుకు పెట్టాల?"

"ఇప్పుడు పెట్టండి."

ఆయన కోపంగా చూశాడు. అయినా వంగి చెయ్యి పెట్టాడు. నిమిరాడు.

"ఏమన్నా గుచ్చుకుందా?"

"లేదు."

"కారు వెనక అద్దం బాగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చిన గాజు. పగిలితే మొత్తం ఒకేసారి పగులుతుంది. బొంత లోపల పగిలి ఉంటే, ఆ విసురుకు గాజు నలుసులు గుడ్డలోకి దిగిపోయేవి. దులిపినా పోవు. మీ చెయ్యి ఇప్పుడు రక్తం కారుతూ ఉండేది. కాబట్టి అద్దం ఇందులో పగల్లేదు. ఎక్కడో పగిలిన ముక్కల్ని తెచ్చి ఇందులో పోశారు."

బాలకోటయ్య ముందుకు జరిగాడు. ప్రవీణ్ ఫోను చూసుకుంటున్నాడు.

"రెండోది, అన్ని ముక్కలూ తేలేదు. నేను ఇన్నేళ్ళలో ఎన్ని పగిలిన వెనక అద్దాలు చూశానో. చేట నిండి పారాలి. ఇది నిండలేదు. ఏరినవాళ్ళకు దొరికినన్నే దొరికాయి. మూడోది ముడి. ఇర్ఫాన్ జారుముడి వేస్తాడు. మీ ముందు విప్పినప్పుడు అది పీటముడి. పళ్ళతో లాగాడు, మీరూ చూశారు. తన ముడి తనకే ఊడకపోతే, అది తన ముడేనా అని మీలో ఒక్కరికైనా అనుమానం రాలేదు."

వెంకట్రామయ్య బొంత నాడా చేతిలోకి తీసుకుని చూశాడు.

"తాళం పగల్లేదు. అంటే తాళంచెవితో తీశారు. ఇర్ఫాన్ చెవి ఇర్ఫాన్‌తో చిలకలూరిపేటలో ఉంది. రెండోది మీ గోడ మేకుకు ఉంది. బాలకోటయ్య గారు అద్దం అడిగారు నిజమే. కానీ ఆ మేకు దాకా ఆయన చెయ్యి పోదు."

"ఏందమ్మా, మా ఇంట్లోవాళ్ళ మీదికొస్తన్నావు?" అన్నాడు ప్రవీణ్.

"వస్తున్నాను. నిన్న నేను అందర్నీ ఒకే ప్రశ్న అడిగాను. అద్దం మీ చేతికిస్తే ఎక్కడ పెడతారని. బాలకోటయ్య గారు ఎండుగడ్డి వేసి పడుకోబెడతానన్నారు. మీ నాన్నగారు పత్తిలో అన్నారు. ఎవరి పని వాళ్ళ నోట్లోనుంచి వచ్చింది. మీరొక్కరే ఏటవాలుగా నిలబెడతానన్నారు, బండలు నిలబెట్టినట్టు. మీకు అది ఎంత అలవాటంటే, తప్పు అని కూడా తెలియదు. బండ అంచు రాతి మీద ఆనితే ఏమీ కాదు. ఈ గాజును మధ్యలో గుద్దినా ఓర్చుకుంటుంది. అంచు కింద చిన్న గరుకు రాయి తగిలిందా, అయిపోయింది. అందులోనూ మీ మిషన్లు తిరుగుతుంటే నేలంతా వణుకుతుంది."

"అంటే నేను పగలగొట్టానా? నాకేం పని?"

"పగలగొట్టాలని మీరు అనుకోలేదు. అదే ఇందులో విడ్డూరం. మీ నాన్నకు ఆ కారంటే ప్రాణమని మీకు తెలుసు. అద్దాన్ని దాచిపెట్టాలనుకున్నారు. గదిలో అద్దం కనపడకపోతే, తాళం పగలకపోతే, ఇర్ఫాన్ అమ్ముకున్నాడంటారు. మోసం కనపడితే మీ నాన్న మాట తీరిపోతుంది. షెడ్డు పోతుంది, షోరూం వస్తుంది. ఆ తర్వాత ఏదో ఒక రోజు అద్దం ఎక్కడో దొరికిందని తెచ్చి ఇస్తారు, మంచివాడనిపించుకుంటారు. అందుకే వాళ్ళు పెళ్ళికి పోగానే అద్దాన్ని జాగ్రత్తగా మీ యూనిట్‌కు తీసుకుపోయారు. మీకు తెలిసిన జాగ్రత్తతోనే నిలబెట్టారు. అది పేలిపోయింది."

ప్రవీణ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఇక దొరికిందని తెచ్చివ్వడానికి అద్దం లేదు. అద్దం పోయిందంటే మీ నాన్న పోలీసుల్ని పిలుస్తాడు, వాళ్ళు వెతుకుతారు. పగిలిందంటే వెతికేదేముంది? ముక్కలు చిమ్మించి, తెచ్చి, ఇతని బొంతలో పోశారు. ముక్కలకు అంటిన బూడిద పొర లప్పం కాదు. నీళ్ళలో కరిగింది. బండలు పాలిష్ పట్టిన బురద అది."

"బండల బురద పల్నాడంతా ఉంది. అదొక సాక్ష్యమా?"

లక్ష్మీకాంతం జేబురుమాలు విప్పి బానెట్ మీద పెట్టింది. కల్లుప్పు లాంటి లేత ఆకుపచ్చ ముక్కలు. బూడిద పొరతో సహా.

"పొద్దున మీ యూనిట్లో, రేకుల కింద నిలబెట్టిన బండల సందులో ఏరినవి. ఇర్ఫాన్ షెడ్డులో పగిలిన అద్దం దాచేపల్లిలో మీ బండల కిందికి ఎట్లా వచ్చింది ప్రవీణ్ గారూ?"

ప్రవీణ్ తన తండ్రి వైపు చూశాడు. ఆ చూపుతోనే అయిపోయింది. వెంకట్రామయ్య మిషను పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"ఎందుకురా?" అన్నాడు.

"ఎన్నిసార్లు అడిగినా నాన్నా, ఆ స్థలం ఇవ్వమని. మాట, మాట అంటావు. నీ మాటకు నేనేం చెయ్యాల?"

లక్ష్మీకాంతం గొంతు మొదటిసారి పెరిగింది. "కన్న కొడుకు అడిగితే మాట అడ్డొచ్చింది. ఆ మాట తెంపడానికి ఇంకొకడి పరువు దొరికింది. మీ తండ్రీకొడుకుల తగువుకు ఈ మనిషి బతుకు రోడ్డున పడాలా? రెండు రోజులుగా ఇతను తలెత్తి ఒక్కరి ముఖం చూడలేదు. మీకు అద్దం ఒకటి పోయింది. ఇతనికి ఏం పోయిందో ఒక్కరన్నా ఆలోచించారా?"

వెంకట్రామయ్య తలెత్తాడు.

"ఇర్ఫాన్, షెడ్డు నీదేరా. నేనిచ్చిన మాట నిలబడుద్ది. అద్దం తిప్పలు నేను పడతా. ఒక్కటే అడుగుతన్నా. మావాడి పేరు ఈ షెడ్డు దాటనీబాకండి. పదిమందిలో తిరిగేవాడు."

ఇర్ఫాన్ అలవాటుగా తల ఊపబోయాడు. ఫాయిజా అతని చెయ్యి పట్టుకుంది.

"పెద్దయ్య గారూ, మీరు దొంగ అన్నది రోడ్డు మీద. కాదనేది మాత్రం లోపలా?"

గొంతు పెంచలేదు. సీటు కవరు కొలత చెప్పినంత మామూలుగా అంది. లక్ష్మీకాంతం బానెట్ మీది బొంత మడతపెట్టింది.

వెంకట్రామయ్య లేచాడు. "నడువ్," అన్నాడు కొడుకుతో.

"నాన్నా, బయట అంతా మనోళ్ళున్నారు."

"మొన్న గూడా వాళ్ళే ఉన్నారు."

తండ్రీ కొడుకూ ముందు, మిగతావాళ్ళు వెనక, అందరూ బయటికి వచ్చారు. టీ కొట్టు దగ్గర జనం లేచి నిలబడ్డారు. ప్రవీణ్ రోడ్డు మీది సామాన్ల మధ్య నిలబడి, తల వంచుకుని, "అద్దం ఇర్ఫాన్ పగలగొట్టలేదు," అన్నాడు.

"వినపడలేదు," అంది ఫాయిజా.

అతను తలెత్తాడు. "అద్దం తీసుకుపోయింది నేను. నా దగ్గరే పగిలింది. ముక్కలు తెచ్చి పెట్టింది నేను. ఇర్ఫాన్‌కి ఏమీ తెలియదు."

ఈసారి అవతలి పక్క ఆటో ఎక్కుతున్నవాళ్ళు కూడా ఆగి ఇటు చూశారు. అంతటితో అయిపోయిందనుకుని బాలకోటయ్య కదలబోయాడు. వెంకట్రామయ్య కదల్లేదు. కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇర్ఫాన్ని దొంగన్నది మాత్రం నేను. చూడకుండా అన్నా," అన్నాడు, అందరికీ వినపడేట్టు.

ఆ మాట అనమని ఆయన్ని ఎవరూ అడగలేదు.